వెన్ను దెబ్బతిన్న పిదప మరల పరుగు



పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలని తెలుగునాట సామెత కలదు. నడుము పట్టి మంచమెక్కినవానికి ఈ సామెతను వినిపించని బంధువుండడు. వయసు నలుబది దాటినది, ఇంక పరుగులెందుకు, హాయిగా నాలుగడుగులు నడచుకొనరాదా యని హితవు చెప్పువారు ఎందరో. మరియొక వైపున, నొప్పి తగ్గిన మరునాడే బూట్లు కట్టుకొని మైదానమునకు రమ్మని పిలుచు మిత్రులును కలరు. మొదటివారు భయమును బోధింతురు. రెండవవారు తొందరను బోధింతురు. ఈ రెండింటి నడుమ ఒక క్రమమైన మార్గమున్నది. ఆ మార్గమును గూర్చియే ఈ ప్రసంగము.

ముందుగా ఒక ఉద్యోగి వృత్తాంతము. ఆయన ఢిల్లీలో ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ అధికారి. వయసు 47 సంవత్సరములు. స్వస్థలము గోదావరి ఒడ్డున ఒక గ్రామము. పేరుతో పనిలేదు, ఈ సభలో ఆయన వంటివారు పదిమందియైనను ఉందురు. చదువుకొను దినములనుండి ఆయనకు పరుగు అలవాటు. వారమునకు నాలుగు ఉదయములు నెహ్రూ పార్కులో పరుగెత్తి, స్నానము చేసి, వేళకు కార్యాలయమున కూర్చుండెడివారు. ఆరేండ్ల క్రిందట రక్తములో చక్కెర హద్దుకు వచ్చినదని వైద్యులు హెచ్చరించినప్పుడు, మందులు లేకుండ దానిని అదుపులో నుంచినది ఈ పరుగే. అందుచేత పరుగు ఆయనకు వినోదము మాత్రమే కాదు.

ఒక మే నెలలో ఆయనకు క్వార్టరు మారినది. కూలివారు వచ్చులోపల, పుస్తకములతో నిండిన ట్రంకు పెట్టెను ప్రక్కకు పెట్టుదమని వంగి ఎత్తిరి. నడుములో ఏదో పుటుక్కుమన్నట్లైనది. ఆ రాత్రి పక్కమీద ఒత్తిగిలుటయు కష్టమైనది. మూడవనాటికి నొప్పి పిరుదునుండి పిక్కలోనికి దిగి, కాలి బొటనవ్రేలు తిమ్మిరెక్కినది. ఊరినుండి తల్లి టెలిఫోనులో, "ఒరే నాయనా, ఇది దేవుడు చెప్పిన మాట అనుకో. ఇక ఆ పరుగులు చాలించు" అన్నది. కార్యాలయములోని యువ సహోద్యోగి, "సార్, అక్టోబరులో హాఫ్ మారథాను ఉంది. అందరితో పాటు మీ పేరు కూడా ఇచ్చాము. అప్పటికి తగ్గిపోతుంది లెండి" అనెను. తల్లి మాట వినినచో చక్కెర పెరుగును. సహోద్యోగి మాట వినినచో నడుము చెడును. ఆయనకు కలిగిన చిక్కు ఇది.

వెన్నెముక ఒక్క ఎముక కాదు, ఎముకల వరుస. అందులో కదలిక గల పూసలు 24: మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5. పూసకును పూసకును నడుమ డిస్కు అను మెత్త వంటిది ఉండును. మెడలోని మొదటి రెండు పూసల నడుమ మాత్రము అది లేదు. డిస్కు వెలుపలి భాగము నారతో పొరలు పొరలుగా అల్లిన వలయము. లోపలిది తాటిముంజెవలె నీరు నిండిన మెత్తని పదార్థము. ఏండ్ల తరబడి నలిగి గాని, వంగి బరువెత్తినప్పుడు గాని ఈ వలయము సడలినచో లోపలి పదార్థము వెనుకకు ఉబుకును. ప్రక్కనే కాలికి పోవు నరము ఉన్నందున దానిని ఒరయును. నడుములో పుట్టిన బాధ కాలిలో నొప్పిగా తెలియుటకు కారణమిదియే. సయాటికా యని నేడు వాడుకలోనున్న మాటకు ఆయుర్వేదమున గృధ్రసి యని పేరు. తరచుగా దెబ్బతినునవి నడుమున అన్నిటికంటె క్రిందనున్న రెండు డిస్కులు.

నడుము నొప్పులన్నియు డిస్కు వలననే కలుగవు. ఎక్కువమందిలో ఇదమిత్థమని కారణము తేలదు. కొన్ని వారములలో నొప్పి తనంతట తగ్గును. కాని కొన్ని లక్షణములను ఉపేక్షింపరాదు. మలమూత్రములపై అదుపు తప్పుట, మూత్రము బిగియుట, తొడల నడుమ స్పర్శ తెలియకపోవుట, పాదము బలము తప్పి నేలను ఈడ్చుట, వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను, తెల్లవారువరకు ఆగరాదు. జ్వరముతో కూడిన నొప్పి, కారణము లేక బరువు తగ్గుట, పండుకొన్నను తగ్గని రాత్రినొప్పి, పూర్వము క్యాన్సరు వచ్చియుండుట, పడి గట్టి దెబ్బ తగిలియుండుట, ఇవి ఉన్నచో పరుగు మాట అటుంచి ముందు వైద్యపరీక్ష జరుగవలెను. శస్త్రచికిత్స జరిగినవారి కాలక్రమము వేరు. దానిని నిర్ణయించవలసినవారు శస్త్రవైద్యులే.

పూర్వము నడుము పట్టినదనగానే వైద్యులు బల్లచెక్కమీద వారముల తరబడి పండుకొనుమనెడివారు. ఆ సలహా నేడు నిలువలేదు. 1986లో అమెరికాలో 203 మంది రోగులపై ఒక పరిశోధన జరిగినది. రెండు దినములు పండుకొనుమని కొందరికి, ఏడు దినములు పండుకొనుమని కొందరికి చెప్పిరి. కోలుకొనుటలో ఇరువురికిని భేదము లేకపోయెను. రెండు దినములవారు ఉద్యోగమునకు రాని దినములు మాత్రము 45 శాతము తక్కువ. 1995లో ఫిన్లండు దేశమున హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిపై మరియొక పరిశోధన జరిగినది. మంచము పట్టినవారికంటెను, మొదటినుండి వ్యాయామములు చేసినవారికంటెను, నొప్పి ఓర్చుకొనగలిగినంత మేరకు తమ నిత్యకృత్యములు తాము చేసికొన్నవారే త్వరగా కోలుకొనిరి. ఇది ఉద్యోగులకు సంబంధించిన పరీక్ష గనుక ఉద్యోగులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఒకటి రెండు దినములు విశ్రాంతి తప్పకపోవచ్చును. ఆ తరువాత కదలిక లేని నడుము బలహీనపడును; బలహీనపడిన నడుము మరల పట్టును.

ఆ సెక్షన్ అధికారిని నొప్పికంటె ఎక్కువగా బాధించినది స్కాను నివేదిక. అందులో డిస్కు ఉబ్బినదని, ఎండినదని, అరిగినదని మూడు నాలుగు పంక్తులు ఉండెను. అది చదివి తన వెన్ను శిథిలమైనదని ఆయన నిశ్చయించుకొనిరి. వైద్యులు ఆయనకు 1994లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షను గూర్చి చెప్పిరి. నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, వారిలో 52 శాతమునకు ఏదో ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించినది. అన్ని డిస్కులును సరిగా ఉన్నవారు 36 శాతమే. తల నెరసినట్లే వయసుతో డిస్కులును మారును. మారిన ప్రతి డిస్కును నొప్పించదు. వెలికి ఉబికిన పదార్థమును శరీరము తానే క్రమముగా హరించుకొనుటయు తరచుగా జరుగును. కనుక చూడవలసినది కాగితము కాదు, మనిషి. నొప్పి ఎక్కడున్నది, కాలి బలమెంత, స్పర్శ ఎట్లున్నది అనునవే ముఖ్యము.

ఇక అసలు ప్రశ్న. పరుగు వెన్నెముకను అరగదీయదా? పరుగెత్తునప్పుడు ప్రతి అడుగునకు దేహభారమునకు రెండు మూడు రెట్ల తాకిడి కాలిపై పడును. 70 కిలోల మనిషికి అది 140 నుండి 210 కిలోలు. ఒక కిలోమీటరుకు సుమారు వేయి అడుగులు. ఈ లెక్క చూచిన భయము కలుగుట సహజమే. అయితే ఎముక వలెనే డిస్కును జీవమున్న పదార్థము. తగిన బరువు మోయుచు మోయుచు గట్టిపడును. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఐదేండ్లకు తక్కువ కాకుండ క్రమముగా పరుగెత్తినవారి డిస్కులలో, ఆటలు వ్యాయామములు లేనివారి డిస్కులకంటె నీటి శాతము మెరుగుగా ఉన్నట్లు తేలినది. పరుగే దీనికి కారణమని ఈ ఒక్క పరిశీలనతో తీర్పు చెప్పలేము. పరుగువలన డిస్కులు పాడగునను భయమునకు మాత్రము అది ఆధారమీయదు. మరియొక వైపున, స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960 దశకమున డిస్కులోనికి సూది చొప్పించి లోపలి ఒత్తిడిని కొలిచెను. నిలబడినప్పటికంటె ముందునకు వంగి కూర్చున్నప్పుడు ఒత్తిడి అధికముగా కనిపించినది. ఉదయము అరగంట పరుగును అనుమానించువారు, పిదప ఎనిమిది గంటలు బల్లపై వంగి కూర్చుండుటను అనుమానింపరు!

కాబట్టి దోషము పరుగులో లేదు. అలవాటు లేని బరువును ఒక్కసారిగా మోపుటలో నున్నది. దీనికి క్రీడాచరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఆస్ట్రేలియా క్రికెటరు డెన్నిస్ లిల్లీ. వడిగా పరుగెత్తి వచ్చి బంతి విసరుటయే ఆయన వృత్తి. 1973లో వెస్టిండీసు పర్యటనలో నడుము పూసలకు చీలికలు ఏర్పడినవి. పిండికట్టు వేసిరి. అతని ఆట ముగిసినదని చాలమంది తలచిరి. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ పైక్ అను వ్యాయామశాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో ఆయన నెలల తరబడి సాధన చేసి, 1974 చివర ఇంగ్లండుపై టెస్టు పోటీలలో మరల దిగెను. క్రీడారంగమునుండి విరమించునాటికి 70 టెస్టులలో 355 వికెట్లు ఆయనవి. 1987లో చెన్నపట్టణమున ఎం.ఆర్.ఎఫ్. వారు యువ బౌలర్లకు శిక్షణాలయము నెలకొల్పినప్పుడు, నేర్పుటకు వచ్చినవాడు ఈ లిల్లీయే. ఆయనది పూస చీలిక, ఆ సెక్షన్ అధికారిది డిస్కు ఉబుకు, వ్యాధి వేరు. తిరిగి వచ్చిన దారి మాత్రము ఒకటే: ముందు బలము, తరువాత వేగము.

ఆ దారిలో మెట్లు నాలుగు.

మొదటి మెట్టు నడక. పది నిమిషములతో ఆరంభించి, దినదినము కొంత పెంచి, అరగంట చురుకుగా నడువగలుగవలెను. నడచునప్పుడు గాని, మరునాటి ఉదయము గాని నొప్పి హెచ్చరాదు. కాలిలోని నొప్పి క్రమముగా పైకి పోయి నడుములోనే నిలిచినచో అది శుభసూచన. నడుములోని నొప్పి కాలిలోనికి దిగినచో అది హెచ్చరిక.

రెండవ మెట్టు బలము. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున వెన్నెముకను గూర్చి చిరకాలము పరిశోధించిన ఆచార్య స్టూవర్ట్ మెక్‌గిల్ మూడు వ్యాయామములను ప్రచారము చేసెను. మొదటిది, వెల్లకిల పండుకొని, ఒక మోకాలు మడచి, అరచేతులు నడుము క్రింద నుంచి, తలను భుజములను కొంచెము మాత్రము ఎత్తుట. రెండవది, ప్రక్కకు తిరిగి మోచేతిపై ఆని తుంటిని నేలనుండి ఎత్తుట. చాతకానివారు మోకాళ్లు ఆనించి చేయవచ్చును. మూడవది, చేతులు మోకాళ్లు నేలకానించి, ఒక చేతిని, దానికి ఎదురు వైపు కాలిని చాచుట. ఒక్కొక్కటి పది సెకనులు నిలిపి, విడిచి, మరల చేయవలెను. వీనికి తోడు పిరుదుల బలమునకును, పిక్కల బలమునకును సాధన కావలెను. పరుగెత్తువాని భారము ప్రతి క్షణమును ఒంటికాలిపైననే కదా పడునది! ఒంటికాలిపై అరనిమిషము తొణకక నిలుచుట, ఒక్కొక్క మడమను పదునైదు ఇరువది మార్లు సమానముగా ఎత్తుట, ఒంటికాలిపై పదిమార్లు చిన్నగా గెంతుట, ఈ మూడును నొప్పి లేక చేయగలిగిననాడు పరుగు ఊసు ఎత్తవచ్చును.

మూడవ మెట్టు నడక పరుగుల మేళనము. ఐదు నిమిషములు నడచి, తరువాత ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడక. ఇట్లు ఎనిమిది మార్లు. చివర మరల ఐదు నిమిషముల నడక. దినము విడిచి దినము, వారమునకు మూడు మార్లు. మూడు మార్లును నిరుపద్రవముగా జరిగినచో పరుగును రెండు నిమిషములు చేయవచ్చును. పిదప మూడు, ఐదు, పది. ఆరు నుండి పది వారములలో ఇరువది నిమిషములు ఏకధాటిగా పరుగెత్తగలిగిన చాలును. ఆలస్యమైనను నష్టము లేదు.

నాలుగవ మెట్టు దూరము, ఆ తరువాతనే వేగము. దూరము పెంచిన వారమున వేగము పెంచరాదు. ఎగుడు దిగుడు నేల, పల్లపు దారి చివరకు మిగుల్చుకొనవలెను. అంగలు చాపకుండ చిన్న చిన్న అడుగులు త్వరగా వేయుట మేలు. అడుగుల సంఖ్యను నూటికి ఐదు పది పెంచినచో తుంటికి మోకాలికి తాకిడి తగ్గునని పరీక్షలు చూపినవి. రాత్రి పండుకొన్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బియుండును. మనిషి ఉదయమున సెంటీమీటరు పొడవుగా ఉండుట ఇందువలననే. అందుచేత లేచిన వెంటనే వంగి బూట్లు కట్టుకొని పరుగెత్తరాదు. కొంతసేపు ఇంటిలో తిరిగి, పిదప బయలుదేరవలెను. ఢిల్లీలో శీతకాలపు పొగ దట్టమైన దినములలో ఆ వ్యాయామమును ఇంటిలోనే చేసికొనుట వివేకము.

ఈ నాలుగు మెట్లకును కాపలా కాయు నియమమొకటి కలదు. నొప్పిని సున్న నుండి పది వరకు అంకెలతో కొలిచినచో, పరుగులో అది రెండు మూడు దాటరాదు. ఇరువది నాలుగు గంటలలో పూర్వస్థితికి రావలెను. వచ్చినచో మరునాటి మెట్టు ఎక్కవచ్చును. రానిచో ఒక మెట్టు దిగవలెను. కాలిలోనికి నొప్పిగాని తిమ్మిరిగాని దిగినచో ఆనాటికి పరుగు ఆపి నడచి ఇల్లు చేరవలెను. అది తగ్గకున్నను, బలము తగ్గినను వైద్యుని చూడవలెను. కార్యాలయములలో ఫైలు క్రిందినుండి మెట్టు మెట్టుగా పైకి పోవలెను. నడుమ ఒక మెట్టు దాటించి పంపినచో, అది ఆక్షేపణతో తిరిగి వచ్చును. శరీరమును అట్టి కార్యాలయమే.

ఆ ఆక్షేపణ సెక్షన్ అధికారికిని తప్పలేదు. ఏడవ వారమునకు ఆయన అరగంట నడువగలిగిరి. తొమ్మిదవ వారమున మొదటి నిమిషము పరుగెత్తిరి. ఆ ఒక్క నిమిషమునకు ఆయన చేతులు చెమర్చినవట; బడిలో తొలినాడు పలక పట్టిన పిల్లవాని వలె భయము, సంతోషము రెండును కలిగినవట. పండ్రెండవ వారమున ఒంటికి హాయిగా ఉన్నదని, సహోద్యోగులు పిలిచిరని, మూడు నిమిషముల మెట్టునుండి ఒక్కసారిగా ఆరు కిలోమీటర్లు పరుగెత్తిరి. ఆ పూట ఏమియు తెలియలేదు. మరునాడు కుర్చీనుండి లేవబోగా బొటనవ్రేలు మరల తిమ్మిరెక్కినది. ఇక ఈ జన్మమునకు పరుగు లేదని ఆయన ఆ సాయంకాలము బూట్లను అటకమీద పెట్టించిరి. వైద్యులు పరీక్షించి, కాలి బలము చెక్కుచెదరలేదని చూచి, "మానవద్దు. రెండు మెట్లు దిగండి" అనిరి. ఆ రెండు మాటలే ఆయనను నిలిపినవి. పడుట ఓటమి కాదు. ఏ మెట్టుపై పడినారో గుర్తించకపోవుట ఓటమి.

అక్టోబరులో హాఫ్ మారథాను వచ్చినది. 21 కిలోమీటర్ల పైచిలుకు దూరము. ఆయన పేరు జాబితాలోనే ఉన్నది, అంకె గల చీటియు చేతికి వచ్చినది. ఆయన పరుగెత్తలేదు. ఆ ఉదయము రోడ్డు ప్రక్కన నిలుచుండి, తన సెక్షనువారు పోవుచుండగా చప్పట్లు కొట్టిరి. ఇరువది ఏండ్ల పరుగులో ఇంతకంటె కష్టమైన ఉదయము తనకు లేదని ఆయన తరువాత అనిరి. మూడు నెలల చక్కెర పరీక్షలో అంకె వేసవిలో కొంత పెరిగినది; నడక నిలిచినకొలది శరత్కాలమునకు మరల తగ్గినది. పరుగు లేని నెలలలో ఆయనను కాపాడినది, తేలికగా చూచిన ఆ నడకయే.

ఫిబ్రవరిలో, గాలి తేటపడిన ఒక ఉదయము, నెహ్రూ పార్కులో ఆయన ఐదు కిలోమీటర్లు ఆగకుండ పరుగెత్తిరి. పూర్వముకంటె ఎనిమిది నిమిషములు ఎక్కువ పట్టినది. ఇంటికి వచ్చి తల్లికి టెలిఫోను చేసిరి.

"పరుగెత్తానమ్మా" అనిరి.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మెల్లగానే కదరా?" అన్నది.

"మెల్లగానేనమ్మా."

"అయితే సరే. ఆ ట్రంకు పెట్టె మాత్రం ఇంకెప్పుడూ ఎత్తకు."

తల్లి సలహాలో సగము ఆయన పాటింపలేదు. ఈ సగమును తప్పక పాటించుచున్నారు. పెట్టెలోని పుస్తకములు ఇప్పుడు అలమరలోనికి చేరినవి.

తెలుగు భాషలో భయపడి పారిపోవుటను వెన్నుచూపుట యందురు. ఆదుకొనుటను వెన్నుదన్ను యందురు. దెబ్బతిన్న వెన్నుకు వెన్నుచూపనక్కరలేదు. దానికి వెన్నుదన్నుగా నిలువవలెను. ఈ సభలో నడుము నొప్పితో కూర్చున్నవారు, సభ ముగిసిన తరువాత నాలుగడుగులు నడచి ఇంటికి పోవుటతో ఆరంభింతురు గాక. పెద్దల సామెతలో అబద్ధము లేదు. నిలబడి నీళ్లు త్రాగుటకు ఓర్పు ఉన్నవాడే, కాలము వచ్చినప్పుడు పరుగెత్తి పాలును త్రాగగలడు.